మెక్‌ఫెర్సన్ గోధుమ చేలల్లో రెండ్రోజులు

"మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని ఎవరడిగినా "బిజినెస్" అనడం నాకు అలవాటు. ఎమ్మెస్ చదవడానికి అమెరికా వచ్చాక మరీనూ! కాన్సాస్ పల్లెకి వెళ్లాక మాత్రం ఆ అబద్ధం చెప్పలేకపోయా.

విదేశీ విద్యార్థుల్ని శని, ఆదివారాలు తమ ఇంటికి పిలిచే కుటుంబాలు ఇక్కడ ఉంటాయి. అలా జూన్‌లో నేనూ, నా నేపాలీ రూమ్మేటూ మెక్‌ఫెర్సన్ కౌంటీలో ఓ రైతు ఇంటికి వెళ్లాం. దారికి అటూ ఇటూ కనుచూపుమేర పండిన గోధుమే. 1874లో దక్షిణ రష్యా నుంచి వచ్చిన మెనొనైట్ కుటుంబాలు 'టర్కీ రెడ్' విత్తనం తెచ్చుకున్నాయని ఇక్కడ చెప్పుకుంటారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో విత్తితే, చలికాలమంతా చలికి ఓర్చుకుని జూన్‌లో కోతకొస్తుంది.

పెద్దాయనది రెండు వేల ఎకరాల సేద్యం. పనిచేసేది ఆయన, భార్య, మనవడు. అంతే! తెల్లారగానే కోత మొదలెడతారనుకున్నా. రాత్రి మంచు తడి ఆరాలని పదకొండింటి దాకా ఆగారు. మధ్యాహ్నం ఆంటీ అన్నాలు పికప్‌లో చేనుకే తెచ్చింది. మా ఊళ్లో అమ్మ సద్దిగిన్నె తెచ్చినట్టే.

హార్వెస్టర్‌లో ఆయన పక్కన కూర్చున్నా. పడమట మబ్బు పట్టింది. ఆయన చూపంతా దానిమీదే. వడగళ్లు పడితే పావుగంటలో పంటంతా నేలపాలు. ఆ చూపు నాకు తెలుసు. వడ్ల కుప్ప మీద పట్టాలు కప్పుతూ మా బాపు చూసే చూపు అది!

గోధుమ లారీలో ఎలివేటర్‌కి వెళ్లాం. అక్కడా తేమ చూసే మిషనే! మా వడ్లకి 17 శాతం దాటకూడదు, వీళ్లకి 13.5 దాటితే ధరలో కోత. "రేటు మీరు చెప్పరా?" అన్నా. "కాన్సాస్ సిటీ మార్కెట్ ఎంతంటే అంత" అని నవ్వాడు.

అప్పుడు నోరు జారింది. "మా నాన్న కూడా రైతేనండీ. మూడెకరాలు."

ఆయన నవ్వలేదు. "ఏం వేస్తారు? నీళ్లెక్కణ్నుంచి? ఈసారి ఎంత పండింది?" వరసగా అడిగాడు. సగం వాటికి నా దగ్గర జవాబు లేదు.

రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశా. కరీంనగర్‌లో పొద్దున ఏడున్నర.

"గంత పెద్ద మిషన్ ఉన్నా మొగులుకు భయపడుతడా?" బాపు ఆశ్చర్యపోయాడు. కాసేపాగి, "కొడుకులున్నరా ఆయనకు?"

"ఒక్కడే బాపూ. డెన్వర్‌ల నౌకరి."

"మరి ఆయన తర్వాత గా భూమి ఎవలు చేస్తరు?"

ఏం చెప్పాలో తెలియలేదు. బాపు అడిగింది ఆయన భూమి గురించేనా?

వచ్చేటప్పుడు ఆంటీ చిన్న సీసాలో కొత్త గోధుమలు పోసిచ్చింది. "మీ నాన్నకి చూపించు" అంది. నా టేబుల్ మీదుంది. "ఇదేంటి?" అంటారు చూసినవాళ్లు. "మా నాన్న రైతు. ఇంకో రైతు పంపాడు" అంటున్నా.