ద్విజము



సంస్కృతంలో దంతానికి 'ద్విజము' అని ఒక పేరున్నది. రెండుమార్లు పుట్టేది కనుక. పాలపళ్ళు ఇరవై, అవి రాలిన పిదప, జ్ఞానదంతాలతో కలిపి, ముప్పది రెండు. ఈ వ్యుత్పత్తిని ఏటేటా తరగతిలో చెప్పేవాడను. ఒక ఏడు ముందు బల్లమీద కూర్చున్న పిల్లవానికి అది వర్తించలేదు.

వాడు ఆరవ తరగతి. నోటిలో లెక్కకు ఐదారు పళ్ళు. ముందరివి రెండూ మేకుల వలె కొసదేరి ఉండేవి. పలుచని జుట్టు, ఉండీ లేనట్లున్న కనుబొమలు. నాలుక కొన పంటిని తాకగా పుట్టేవి దంత్యాలని నేను పాఠం చెబుతూంటే, వాడు చిగురుకే నాలుక ఆనించి 'త' పలికాడు. స్పష్టంగానే పలికాడు. 'స' మాత్రం గాలిలో జారిపోయేది. పద్యం అప్పజెప్పడంలో వానిని మించినవారు ఆ తరగతిలో లేరు.

ఎండాకాలం వస్తే వాడు గంటకొకమారు కుళాయి వద్దకు పోయి చొక్కా తడుపుకొని వచ్చేవాడు. వానికి చెమట పట్టదు. కొందరు ఉపాధ్యాయులకు అది అల్లరిగా తోచింది. డ్రిల్లు పీరియడులో ఎండన నిలబెట్టిన ఒకనాడు ఒళ్ళు కాలిపోయి కూలబడ్డాడు. ఇరుగుపొరుగువారు తల్లిని ఆడిపోసుకున్నారు. కడుపుతో ఉండగా గ్రహణం చూసిందట!

పంటికీ చెమటకూ ఏమి చుట్టరికం? దంతవైద్యం చదివిన నా మేనకోడలు విప్పి చెప్పింది. గర్భంలోని పిండానికి వెలుపలి పొర ఒకటుంటుంది. వెంట్రుక, చెమట గ్రంథి, పంటి పింగాణీ ఆ పొరనుండే రూపు దిద్దుకుంటాయి. అక్కడ అందవలసిన సంకేతం ఒకటి లోపిస్తే మూడూ దెబ్బతింటాయి. దీనిని హైపోహైడ్రోటిక్ ఎక్టోడెర్మల్ డిస్‌ప్లేసియా అంటారు. చాలామందిలో కారణం ఎక్స్ క్రోమోజోము మీది ఈడీఏ అనే జన్యువు. దానిని 1996లో గుర్తించారు.

వ్యాధిని చూచినవారు అంతకు ముందే ఉన్నారు. పెంపుడు జంతువుల, మొక్కల వైవిధ్యాన్ని గూర్చిన తన గ్రంథపు రెండవ కూర్పులో, 1875లో, డార్విన్ మహాశయుడు సింధు దేశపు హిందూ కుటుంబమొకదానిని ప్రస్తావించాడు. నాలుగు తరాలలో పదిమంది పురుషులకు రెండు దవడలలోనూ కలిపి పన్నెండే పళ్ళు. ఒంటిపై వెంట్రుకలు తక్కువ, వేసవిలో చర్మం ఎండిపోయి బాధ. కుమార్తెలకు ఆ లోపం కనబడదు గాని, వారి కుమారులకు సంక్రమిస్తుంది. తండ్రినుండి కుమారునికి రాదు. జన్యువు అన్న మాటే పుట్టని నాడు అంత నిశితంగా గమనించడం ఆశ్చర్యమే.

అయితే 'తల్లినుండి వస్తుంది' అన్న వాక్యం మన ఊళ్ళలో మరొక గ్రహణం కాగలదు. తల్లి ఆ జన్యువును కోరి ఇవ్వలేదు. ఆమెకూ ఎవరో ఇచ్చినదే. కొన్ని మారులు ఎవరూ ఇవ్వకనే బిడ్డలో కొత్తగా పుడుతుంది.

పళ్ళు ఆలస్యమైన ప్రతి బిడ్డకూ వ్యాధి అంటగట్టరాదు. ఏడాదికి తొలిపన్ను వచ్చే ఆరోగ్యవంతులూ ఉంటారు. కాని కొసదేరిన పళ్ళు, పలుచని జుట్టు, కారణం తెలియని వేసవి జ్వరాలు కలిసి కనబడితే వైద్యునికి చూపవలసిందే. మూడు నాలుగేళ్ళకే కట్టుడు పళ్ళు అమర్చి, దవడ పెరిగేకొద్దీ మార్చవచ్చును. బడి చేయవలసినది ఇంకా తేలిక: నీడ, నీళ్ళు, తడిగుడ్డ.

ఆ పిల్లవాడు ఇప్పుడు ఒక ఆడబిడ్డకు తండ్రి. తన ఎక్స్ క్రోమోజోము కూతురికి తప్పక చేరుతుందని వానికి తెలుసు. మొన్న ఫోనులో, "మాస్టారూ, పాపకు ఒక పన్ను సన్నగా వచ్చింది. రేపు దాని కొడుక్కి ఇది వస్తే, మా అమ్మను అన్నట్లే దాన్నీ అంటారా?" అని అడిగాడు.

"అనేవారు అంటారు నాయనా. మీ అమ్మకు బదులు చెప్పడానికి దీని పేరు తెలియదు. పాపకు నీవు పేరు చెప్పి పెంచు" అన్నాను.

కాసేపు మౌనం. "పేరు పలకడమే కష్టం మాస్టారూ" అని నవ్వాడు. ఆ 'స' ఇప్పుడు జారలేదు.