గోడలకంటిన పొగ

పొగ కంటికి కనబడినంతసేపే దానికి మనము భయపడుదుము. బీడీ ఆరిపోయి, తలుపులు బార్లా తెరచి, ఒక అగరవత్తి వెలిగించినచో గది శుభ్రపడినదని తలచుట మన అలవాటు. కాని పొగాకు పొగలోని నికోటిన్ అంతయు గాలితో పోవునది కాదు. గోడకు, పరదాకు, పరుపులోని దూదికి, నేలమీది దుమ్ముకు అంటుకొని నెలల తరబడి నిలుచును. దీనికి శాస్త్రజ్ఞులు వాడు పేరు థర్డ్‌హ్యాండ్ స్మోక్.

ఇట్లు అంటిన నికోటిన్ గాలిలోని నైట్రస్ ఆమ్లముతో కలిసి నైట్రోసమైన్లను పుట్టించునని 2010లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల వారు చూపిరి. వీనిలో కొన్ని క్యాన్సర్ కారకములు. ఆ ఆమ్లము ఎక్కడిదో కాదు, మన గ్యాస్ పొయ్యి మంట నుండియు పుట్టును. అనగా ఆరిన బీడీ పని ఆగలేదన్నమాట! శాన్ డియాగో పరిశోధకులు పొగత్రాగువారు ఖాళీచేసిన ఇండ్లను పరీక్షించిరి. రెండు నెలలు ఖాళీగానుంచి, కొత్తవారికై సిద్ధపరచిన పిదప కూడ దుమ్ములో నికోటిన్ ఉన్నది. అందు దిగిన, పొగత్రాగని వారి వ్రేళ్లకును అది అంటినది. దీనివలన ఎందరికి ఏ జబ్బు వచ్చునో లెక్క తేలుట ఇంకను జరుగవలసియున్నది. అయినను నేలపై ప్రాకుచు, చేతికందినది నోట పెట్టుకొను పసివారికే ముప్పు అధికమని ఎవరైనను గ్రహింపగలరు.

2003 నాటి చట్టము, 2008 అక్టోబరు 2 నుండి అమలైన నిబంధనలు బస్టాండునందు, కళాశాలయందు పొగను నిషేధించినవి. ఇంటి గడప దాటి లోనికి వచ్చు చట్టము లేదు. (నిజామాబాదు, కరీంనగరు వైపు బీడీలు చుట్టు అక్కచెల్లెండ్ర ఇండ్లలోని పొగాకు దుమ్ము వేరొక వ్యాసము కోరును.)

మన నడిగడ్డలో, అయిజ చుట్టుపట్ల పాత మట్టిమిద్దెలలో గాలికి దారి ఒక తలుపు, పైన ఒక గవాచి. మా ఇంటనే ఉండిన మా నానాగారు నలువది ఏండ్లు అట్టి ముందరి గదిలో కూర్చుండి బీడీ త్రాగినారు. వారు గతించిన ఏడాదికి మా చెల్లెలు పురిటికి వచ్చినది. వెచ్చని గదియని దానినే ఇవ్వజూచిరి. ఏటేట రంజానుకు ముందు సున్నము వేసినను పసుపు చార మరల పైకి తేలు గోడలవి. నేను వలదంటిని.

అమ్మీ చాలసేపు మాటాడలేదు. తరువాత నానాగారి బొంతను ముఖమునకు ఆనించుకొని, "ఇది మా అబ్బా వాసనరా. ఇదిగూడ కడిగేస్తే నాకేం మిగుల్తది?" అన్నది.

ఆ వాసనయే నేను వలదన్న వస్తువని ఆమెకు చెప్పుట క్రూరము. చెప్పితిని.

పరదాలు తీసివేసితిమి. గిలాబు గీకించి కొత్తగా పూయించితిమి. నేలను సబ్బునీటితో పలుమార్లు కడిగితిమి. ఆ నలువది దినములు తల్లీబిడ్డ వెనుక గదిలోనే ఉండిరి. బొంతను మాత్రము అమ్మీ పారవేయనీయలేదు. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ట్రంకుపెట్టె అడుగున దాచినది. ఎప్పుడైన దానిని తెరచిననాడు, చేతులు కడిగి చీర మార్చుకొనువరకు పాపను ఎత్తుకొనదు.