కుక్కపిల్లకు శుచి నేర్పుట

కుక్క తోక వంకర పోదని మన పెద్దల సామెత. తోక మాట నిజమే; అది పుట్టుకతో వచ్చినది. కాని ఇంటిలో ఎక్కడ ఎట్లు మెలగవలెనో కుక్కకు పుట్టుకతో తెలియదు. అది మనము నేర్పవలసినది. చిప్పగిరిలోని మా ఇంట ఒక పిల్లను పెంచినప్పుడు ఈ భేదము మాకు బాగుగా బోధపడినది.

పెరటి కాపలాకని ఎనిమిది వారాల పిల్లను తెచ్చినాము. టీకాలు పూర్తి అగువరకు, అనగా సుమారు పదహారు వారాల వయస్సు వరకు, దానిని వీధిలో విడుచుట క్షేమము కాదు. 1978లో వెలుగులోకి వచ్చిన పార్వో అను వ్యాధి రోగము గల కుక్కల మలము ద్వారా సోకును; ఆ వైరసు నేలలో నెలల తరబడి నిలిచియుండును. కావున పిల్ల ఇంటిలోనే ఉండవలెను. ఆ ఇంటిలోనే మా తల్లిగారు నమాజు చేయుదురు. "నమాజు చేసే చోట తడి తగిలిందంటే దీన్ని పంపించాల్సిందే నాయనా" అని ఆమె ముందే చెప్పినారు. ఆ మాట న్యాయమైనదే. పిల్లకు ఆశ్రయము దక్కుట మా ఓర్పుపై ఆధారపడినది.

ఇందుకొరకు ప్యాడ్లు అమ్మకమునకు దొరకును. పైన పలుచని గుడ్డ, నడుమ కలపగుజ్జు, తన బరువునకు ఎన్నో రెట్లు నీటిని పీల్చు సోడియం పాలీఅక్రిలేట్, అడుగున ప్లాస్టిక్ పొర, ఇదే దాని నిర్మాణము. మేము పాత వార్తాపత్రికలు పరచి, వాటిపై పాత బొంత ముక్క వేసినాము. మార్చినప్పుడెల్ల తడిసిన కాగితపు తునక ఒకటి క్రొత్తదానిపై ఉంచినాము. ఆ వాసనయే పిల్లకు గుర్తు. ఇతర చోట్ల తడి అయినచో వినెగరు కలిపిన నీటితో తుడిచినాము. మూత్రపు వాసనను పోలిన అమ్మోనియా గల ద్రావకములు అక్కడ పనికిరావు.

"ముక్కు పట్టి అందులో రుద్దండి సార్, బుద్ధి వస్తుంది" అని పొరుగు పెద్దాయన సలహా. మేము అట్లు చేయలేదు. 1904లో నోబెల్ బహుమతి పొందిన పావ్‌లోవ్ ప్రయోగములలో, ఆహారమునకు ముందు పదేపదే విన్న ధ్వనికే కుక్క నోట లాలాజలము ఊరినది. వెంటవెంటనే జరిగినవానినే జంతువు ముడిపెట్టుకొనును. ఎప్పుడో జరిగినదానికి ఇప్పుడు కొట్టినచో, అది నేర్చునది శుచి కాదు, మనలను చూచి దాగుకొనుట.

కావున వేళలను కనిపెట్టినాము. నిద్ర లేచిన వెంటనే, తిన్న కొద్దిసేపటికి, ఆడుకొన్న పిమ్మట దానిని ఎత్తి బొంతపై నిలిపినాము. పని ముగిసిన క్షణముననే జొన్నరొట్టె తునక పెట్టినాము. రెండు మాసముల పిల్ల రెండు గంటలకు మించి ఆపుకొనుట కష్టము. కావున రాత్రి కూడ లేవవలసి వచ్చినది. అలవాటు కుదిరిన పిదప బొంతను దినమునకు మూరెడు చొప్పున పెరటి వాకిలి వైపు జరిపినాము. టీకాలు ముగియునాటికి పిల్ల తానే తలుపు గీరసాగినది.

ఇప్పుడు తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేచిన మా తల్లిగారే మొదట పెరటి తలుపు తీయుదురు. పిల్ల బయటికి పోయి వచ్చిన తరువాతనే ఆమె వజూకు కూర్చుందురు. పంపివేయు మాట మరల ఎత్తలేదు.

విద్యార్థులారా, మీలో పలువురు రేపు ఉపాధ్యాయులగుదురు, తల్లిదండ్రులగుదురు. తప్పు జరిగిన పిదప కోపించుట ఎవరికైనను సులభము. అది జరుగు వేళను ముందుగా కనిపెట్టి, సరియైన చోటు చూపి, వెంటనే మెచ్చుకొనుట నేర్పువాని బాధ్యత.