గుజరీ అంగడి తండ్రీకొడుకులు

మా నాయనకు మార్కెట్టు వెనక సందులో గుజరీ అంగడి ఉండేది. బెంగళూరు వాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. మద్రాసు తెలుగువారు కాయలాన్ కడ అంటారు. బొంబాయి వైపు వారికి అది భంగార్ దుకాణం. కర్నూలు నుంచి వచ్చిన మా బంధువొకాయన్ను మీ దగ్గర ఏమంటారని అడిగితే ‘పాత ఇనప సామాన్ల అంగడి’ అన్నాడు. పేరేదైనా సరుకొకటే. తుప్పు పట్టిన ఇనుము, ఖాళీ సీసాలు, చిత్తు కాగితాలు, కాలు విరిగిన కుర్చీలు.

లండనులో ఇదే వ్యాపారం చేసిన ఒక తండ్రీ కొడుకుల సంగతి చెబుదామని కూర్చున్నాను. వాళ్ళు నిజం మనుషులు కారు. బిబిసి టెలివిజన్‌లో వచ్చిన ‘స్టెప్టో అండ్ సన్’ అనే హాస్య నాటకంలో పాత్రలు. 1962 నుంచి 65 వరకూ, మళ్ళీ 1970 నుంచి 74 వరకూ వచ్చింది. మన పాఠకుల్లో చాలామంది చూసి ఉండకపోవచ్చు. నేనూ 2014 దాకా చూడలేదు. ఆ ఏడు ఎండాకాలం నేనూ మా ఇంటామె లండనులో మా అబ్బాయి దగ్గర మూడు నెలలున్నాం. పాత వస్తువులమ్మే ధర్మ దుకాణంలో ఒక పౌనుకు ఆ డిస్కుల పెట్టె దొరికింది. అట్ట మీద విరిగిన సామాన్ల మధ్య ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు. నేను బేరమాడబోతే మావాడు సిగ్గుపడి పౌను ఇచ్చేశాడు. యాభై పెన్నీలకు వచ్చేది.

కథ పెద్దదేమీ కాదు. షెపర్డ్స్ బుష్ పేటలో ఆయిల్ డ్రమ్ లేన్ అనే సందు. పేట నిజం, సందు కల్పితం. అక్కడ చెత్త సామాను నిండిన ఒక వాకిలి, ఒక గుర్రబ్బండి, హెర్క్యులిస్ అనే గుర్రం. ముసలి ఆల్బర్ట్ ఇంట్లో కూర్చుంటాడు. కొడుకు హెరాల్డు బండి తోలుకుని వీధులన్నీ తిరిగి పాత సామాను కొనుక్కొస్తాడు. వయసు నలభైకి దగ్గరపడుతోంది, పెళ్ళి లేదు. పుస్తకాలు చదవాలి, మంచి సంగీతం వినాలి, పెద్దమనుషుల మధ్య కూర్చోవాలి అని వాడి తాపత్రయం. తండ్రి స్నానానికి బద్ధకిస్తాడు, ఎంగిలి చేత్తో అన్నీ ముట్టుకుంటాడు, కొడుకు తెచ్చిన అమ్మాయిలనల్లా ఏదో ఒక మాటతో తరిమేస్తాడు. ‘ఛీ, మురికి ముసలాడా’ అని కొడుకు తిట్టే తిట్టు అప్పట్లో ఇంగ్లండంతా పాకింది.

రాసిన వాళ్ళు రే గాల్టన్, అలన్ సింప్సన్ అని ఇద్దరు స్నేహితులు. కుర్రతనంలో ఇద్దరికీ క్షయ పట్టుకుంటే 1948లో శానిటోరియంలో కలుసుకున్నారు. గడప దాటడానికి లేని మనుషులు మాటల మీద ఎట్లా బతుకుతారో వాళ్ళకు అక్కడే తెలిసిందని నా ఊహ. హాస్యగాళ్ళు వద్దని, నాటకాల్లో ఆరితేరిన నటులను పెట్టుకున్నారు. తండ్రి వేషం విల్‌ఫ్రిడ్ బ్రాంబెల్‌ది. మొదటిసారి వేసినప్పుడు ఆయనకు 49 ఏళ్ళే. కొడుకు వేషం వేసిన హ్యారీ కార్బెట్ ఆయనకంటే 13 ఏళ్ళే చిన్న.

ఈ కార్బెట్ పుట్టింది రంగూన్‌లో, 1925లో. తండ్రికి అక్కడ సైన్యంలో ఉద్యోగం. రంగూన్ అంటే యానాం, బరంపురం వైపు పాఠకులకు కొత్త ఊరు కాదు. ఆ రోజుల్లో ఆ రేవులో మూటలు మోసిన కూలీల్లో మనవాళ్ళు మెండు. యానాం పక్కనున్న కోరంగి రేవు పేరుతో వాళ్ళను అక్కడ కోరంగీలు అనేవారు. బిడ్డగా ఉన్నప్పుడు కార్బెట్ చెవిన తెలుగు పడే ఉంటుందని మావాడితో అన్నాను. ‘ప్రతిదానికీ తెలుగు అంటగట్టకు నాన్నా’ అన్నాడు. సరే, వదిలేశాను.

మొదటి నాటకం 1962 జనవరి 5న వచ్చింది. దాని పేరు ‘ది ఆఫర్’. తనకు వేరే చోట అవకాశం వచ్చిందనీ వెళ్ళిపోతున్నాననీ హెరాల్డు ప్రకటిస్తాడు. తన సామానంతా తెచ్చి బండి మీద పేరుస్తాడు. గుర్రాన్ని మాత్రం తండ్రి ఇవ్వనంటాడు. పోనీ, తానే లాక్కుపోతానని కాడి మధ్య నిలబడి లాగుతాడు. కదలదు. ఊగి, తన్ని, బతిమాలి, చివరికి బండికి ఆనుకుని ఏడుస్తాడు. అంతవరకూ నవ్వుతున్న నేను గతుక్కుమన్నాను. తండ్రి మెల్లగా వచ్చి, లోపలికి రా, టీ పెడతాను అంటాడు. గెలిచినవాడి గొంతు కాదది. భయపడ్డవాడి గొంతు.

ఇట్లాంటి దాన్ని జనం రెండు కోట్లకు పైగా కూర్చుని చూశారట. 1964 అక్టోబరు 15న అక్కడ ఎన్నికలు. ఆ సాయంత్రం ఈ నాటకం వేస్తే కూలీ నాలీ జనం ఓట్లకు కదలరని లేబర్ పార్టీ నాయకుడు హెరాల్డ్ విల్సన్ బిబిసి పెద్దల దగ్గరికి వెళ్ళి మొర పెట్టుకున్నాడు. పోలింగు ముగిసే దాకా నాటకాన్ని వెనక్కి జరిపారు. ఆ పార్టీ నాలుగు సీట్ల ఆధిక్యంతో నెగ్గింది.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది వాళ్ళ మాట. హెరాల్డు పెద్దమనిషి కావాలనుకున్నప్పుడల్లా సాగదీసి పుస్తకాల ఇంగ్లీషు మాట్లాడతాడు. తండ్రి ఒక్క మాట అంటాడు. అంతే, ఆ మెరుగంతా రాలిపోయి సందు భాష బయటికొస్తుంది. నాకు సగం అర్థం కాకపోయినా ఎక్కడ రాలిందో తెలిసేది. మా అంగడిలోనూ అంతే కదా. గిరాకీలతో కన్నడం, కూలి కుర్రాళ్ళతో అరవం, పెద్ద వ్యాపారులతో ఉర్దూ. తెలుగు మాత్రం మా నాయనా నేనూ పోట్లాడుకోవడానికి. తక్కెడ ఎత్తితే పోట్లాట, దించితే పోట్లాట. ‘నీ చదువు కిలో ఎంతకు పోతుందిరా’ అనేవాడు మా నాయన, డిగ్రీ పుస్తకాలు చేతిలో పట్టుకుని తూచబోతూ.

1974లో నాకు బొంబాయిలో ఒక కంపెనీలో గుమాస్తా పని వచ్చింది. ఉత్తరం నాయనకు చూపించాను. చదవడం రాదు కాబట్టి అటూ ఇటూ తిప్పి, కాగితం మంచిదే అన్నాడు. రైలెక్కడానికి మూడు రోజుల ముందు అంగడిలోనే రొమ్ము పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రిలో రెండు రోజులున్నాడు. మూడో రోజు నేను అంగడి తలుపులు తీశాను. అప్పటి నుంచి 17 ఏళ్ళు తీస్తూనే ఉన్నాను. 1991లో ఆయన పోయాడు. గుండె వల్లనే పోయాడు. కానీ 1974లో వచ్చింది నిజం నొప్పేనా అని ఆ 17 ఏళ్ళలో ఒక్కసారీ అడగలేదు. రోజుకు పది పోట్లాటలు పెట్టుకున్న మేము ఆ ఒక్కటీ పెట్టుకోలేదు.

హెరాల్డుకూ ఇదే గతి. మొదటి వరుసలోనే ‘ది హాలిడే’ అని ఒకటుంది. ఏటేటా తండ్రితో అదే సముద్రపు ఒడ్డుకు పోలేక, ఈసారి ఒంటరిగా విదేశం పోతానంటాడు. సరిగ్గా సమయానికి ముసలాడికి గుండెపోటు వస్తుంది. అమెరికావాళ్ళు ఇదే కథను లాస్ ఏంజిలిస్‌లోని వాట్స్ పేటకు మార్చి, నల్లజాతి తండ్రీ కొడుకులతో ‘శాన్‌ఫర్డ్ అండ్ సన్’ అని 1972 నుంచి 77 వరకూ నడిపారు. అందులో తండ్రికి గుండెపోటు రాని వారం తక్కువ. మాట నెగ్గనప్పుడల్లా రొమ్ము పట్టుకుని, నీ దగ్గరికే వస్తున్నానని చనిపోయిన పెళ్ళాన్ని పిలుస్తాడు. ఆ ఇద్దరిలో నాకు ఆల్బర్టే నచ్చాడు. అతనిది కొంత నిజమేమో అని అనుమానం మిగులుతుంది.

కార్బెట్ బతుకు కూడా హెరాల్డు బతుకులాగే అయింది. జోన్ లిటిల్‌వుడ్ నాటక బృందంలో షేక్‌స్పియర్ రాజుల వేషాలు వేసి మెప్పు పొందినవాడు. ఈ చెత్త బండి ఎక్కాక జనం మళ్ళీ దిగనివ్వలేదు. 1982లో పోయాడు. తండ్రి వేషం వేసిన బ్రాంబెల్ 1985లో. ఇంకో మాట. 1970లో రంగుల్లో తీసిన కొన్నింటి అసలు టేపులను బిబిసి చెరిపేసింది. రచయితలు దాచుకున్న నలుపు తెలుపు నకళ్ళే మిగిలాయి. పారేసిన దాంట్లోంచి ఏరుకోవడమంటే గుజరీ పనే కదా.

‘ది హాలిడే’ చూసిన రాత్రి ముసలాడు మంచమెక్కగానే మావాడు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. కారణం ఇద్దరికీ తెలుసు. 2009లో వాడు లండను ఉద్యోగానికి బయలుదేరే ముందు మా ఇంట్లో పెద్ద గొడవైంది. మామూలుగా వాడు నాతో రెండు తెలుగు మాటలకు మూడు ఇంగ్లీషు మాటలు కలిపే రకం. ఆ రాత్రి అరగంట సేపు ఒక్క పరాయి మాట దొర్లకుండా నన్ను దులిపేశాడు. ఇంత తెలుగు వీడికి ఎక్కడిదని కోపంలోనే ఆశ్చర్యపోయాను. రెండు రోజులకు నాకు రొమ్ములో నొప్పి వచ్చింది. ఇసిజి తీశారు, ఏమీ లేదన్నారు. గ్యాసన్నారు. వాడు టికెట్టు వారం రోజులు వెనక్కి జరుపుకుని, ఆ తరువాత వెళ్ళిపోయాడు.

డిస్కు అయిపోయింది. మావాడు లేవలేదు.

‘నాన్నా, ఆరోజు నీకు నిజంగానే నొప్పి వచ్చిందా?’ అని అడిగాడు. ఐదేళ్ళు కడుపులో పెట్టుకున్నాడు.

‘వచ్చింది, కొంచెం’ అన్నాను.

‘ఎంత కొంచెం?’

నేను జవాబు వెతుక్కుంటూ ఉంటే వంటింట్లోంచి మా ఇంటామె అంది, ‘టికెట్టు మార్చుకున్న డబ్బంత.’

వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా నాయన అంగడిలో కూలబడినప్పుడు ఆయన పక్కన దొర్లిన రెండు కిలోల గుండు కళ్ళ ముందు కనబడింది. ఆ సంగతి వాడికి చెప్పాను. బొంబాయి ఉత్తరం సంగతీ చెప్పాను. అంతకు ముందెప్పుడూ చెప్పలేదు. వాడు చాలాసేపు విని, ‘తాతను అడగాల్సింది’ అన్నాడు.

‘అడిగితే నిజం చెప్పేవాడా?’ అన్నాను.

‘నువ్వు చెప్పావు కదా’ అన్నాడు.

‘నేనెక్కడ చెప్పాను? అది మీ అమ్మ చెప్పింది’ అన్నాను. దాని మీద ఇంకో పోట్లాట మొదలైంది. మా ఇంటామె వచ్చి గడియారం చూపించి, పక్కింటివాళ్ళు తలుపు కొడతారు, గొంతులు తగ్గించండి అనేదాకా సాగింది.