తోక మీద కూర్చున్న లిబరేటర్

1977 ఎండాకాలం సెలవుల్లో, లండన్ నుంచి వచ్చిన బాబాయి నాకొక ఎయిర్‌ఫిక్స్ డబ్బా ఇచ్చాడు. మూత మీద నాలుగు ఇంజన్ల బాంబర్, బీ-24 లిబరేటర్. ఆత్రంగా తీసి చూస్తే లోపల విమానమే లేదు. ప్లాస్టిక్ చట్రాలకి చింతకాయల్లా వేలాడుతున్న ముక్కలు, మడతపెట్టిన కాగితం, విడిగా ఒక జిగురు ట్యూబు. నాకు ఏడుపొచ్చింది.

పడక్కుర్చీలో ఉన్న పెదనాన్న ఆ మూత అందుకుని చాలాసేపు వదల్లేదు. బెంగళూరు విమానాల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి, రిటైరై తెనాలి వచ్చి అప్పటికి ఏడాది. "దీని పొట్టలోకి దూరి బోల్టులు బిగించానురా" అన్నాడు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికావాళ్లు వీటిని 18 వేలకు పైగా తయారుచేశారు. మరే బాంబరునూ అన్ని చేయలేదు. యుద్ధం ముగిశాక బ్రిటిష్‌వాళ్లు తమ లిబరేటర్లను కాన్పూర్‌లో, ఇంకెవరికీ పనికిరాకుండా పాడుచేసి మరీ వదిలేసి పోయారు. 1948లో పెదనాన్న పనిచేసిన ఫ్యాక్టరీ, హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు ఆ తుక్కులోంచే బాగుపడేవి ఏరారు. జమ్‌షెడ్ మున్షీ అనే పైలట్ వాటిని బెంగళూరుకి తోలుకొచ్చేవాడు. అలా లేచి నిలబడ్డవి 40కి పైనే. మన వాయుసేనలో 1968 దాకా ఎగిరాయి.

మా విమానానికి పది రోజులు పట్టింది. 72 వంతుల్లో ఒక వంతు కొలత కాబట్టి 110 అడుగుల రెక్కలు మూరెడయ్యాయి. బ్లేడుతో ముక్క కోసి, అంచు గీకి, అగ్గిపుల్ల కొసతో జిగురు రాయాలి. ఆ జిగురు అంటించదు, ప్లాస్టిక్‌ని కరిగించి కలిపేస్తుంది. అది తెలియక జిగురు చేత్తో గాజులాంటి తుపాకీ గూడు పట్టుకున్నాను. నా బొటనవేలి గీతలు దాని మీద అచ్చుపడిపోయాయి. ఆ వాసన మాత్రం, పండిన అరటిపండూ పెట్రోలూ కలిసినట్టు, అమ్మ ఎన్నిసార్లు తిట్టినా నాకు ఇష్టంగానే ఉండేది.

డబ్బాలో వచ్చిన గుర్తులు పెదనాన్న అంటించనివ్వలేదు. నా స్కూలు రంగులతో మన వాయుసేన చక్రాలు, బయట కాషాయం, లోపల తెలుపు, నడుమ పచ్చచుక్క, తనే దిద్దాడు. చెయ్యి వణికి ఒక చక్రం కోడిగుడ్డులా వచ్చింది.

తీరా బల్ల మీద పెడితే ముక్కు పైకి లేచి తోక మీద కూర్చుంది. రెండు సగాలూ మూసేముందు ముక్కులో బరువు పెట్టమని కాగితంలో ఉన్న బొమ్మ నేను చూసుకోలేదు. పెదనాన్న పగలబడి నవ్వాడు. "వెనక నలుగురం ఎక్కితే అసలుదీ ఇంతే చేసేది" అని తోక కింద అగ్గిపుల్ల ముక్క నిలబెట్టాడు. అది తరచూ జారిపోతుంటే చివరికి దారం కట్టి దూలానికి వేలాడదీశాం.

సంక్రాంతికి వెల్ల వేయడానికొచ్చినవాళ్లు దాన్ని దించడం మర్చిపోయారు. కుంచె తగిలి దారం తెగింది. ఎడమ రెక్క ఊడింది, మిగతాదంతా సున్నం చుక్కలు. నేను ముక్కలు పోగుచేసి పెదనాన్న ముందు పెట్టాను.

"కాన్పూర్‌లో ఇంతకంటే అధ్వాన్నంగా ఉండేవిట. ఆ జిగురు పట్రా."

ట్యూబు మూత ఎప్పుడో పోయింది. మూతిలో గుండుసూది గుచ్చాడు, అడుగు నుంచి చుట్టుకుంటూ నొక్కాడు. లోపల రాయిలా గడ్డకట్టింది. అప్పట్లో తెనాలి బజారులో అలాంటిది దొరికేది కాదు. రెక్కని పాత హిందూ పేపర్లో చుట్టి, బాబాయి మళ్లీ వచ్చేదాకా ఉండనీ అని బీరువా మీద పెట్టాడు.