మాదాపూర్‌లో చక్రాల జాతకం

మాదాపూరు చూడబోయేవారు సాధారణంగా మెడలు ఎత్తి అద్దాల మేడలు చూసి వస్తారు. నన్నడిగితే అక్కడ చూడవలసింది నేల. సుమారు రెండువందల యాభై కోట్ల సంవత్సరాల వయసుగల రాతిగుండ్లు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే గుట్టలు. వాటి నడుమ, ఒకప్పుడు గోలకొండకు నీళ్ళిచ్చిన దుర్గం చెరువు. 1998 నవంబరులో ప్రధాని వాజపేయిగారు సైబర్ టవర్స్ ప్రారంభించిన తరవాత ఆ గుట్టల్లో చాలావాటిని పగలగొట్టి రోడ్లు వేశారు గాని, గుట్ట పోయినా దాని పోలిక పోలేదు. రోడ్డు ఎక్కుతుంది, దిగుతుంది, చటుక్కున వంపు తిరుగుతుంది. 2020 సెప్టెంబరులో తెరిచిన తీగల వంతెన మీద కాసేపు నునుపైన దారి దొరుకుతుంది. అది దాటి అయ్యప్ప సొసైటీ సందుల్లోకి తిరిగారా, అడుగడుగునా స్పీడ్ బ్రేకర్లే. వాటి ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు వుండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు కొలతలు రాసిపెట్టారు. సందుల్లో కట్టినవారికి ఆ కాగితం అందినట్టు లేదు.

బస్సులో కిటికీ పక్కన కూచున్న మనకి ఇదంతా కాలక్షేపం. నేలకి జానెడు ఎత్తయినా లేని స్పోర్ట్స్ కారు వున్నవాడికి మాత్రం ప్రతి గజమూ పరీక్షే.

అటువంటి కారు మా మేనల్లుడికి వున్నది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగరు ఒడ్డున నగర వీధులనే మూసి, 2.8 కిలోమీటర్ల బాట చేసి, ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందెం నడిపారు. 18 మలుపులు. ఫ్రెంచివాడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆనాడు ప్రేక్షకుల్లో నిలబడ్డ మావాడికి పిచ్చి పట్టింది. ఏడాది తిరక్కుండా ఎవరో వాడిన రెండు సీట్ల కారొకటి కొన్నాడు. కొని వూరుకోక, ఏదో షెడ్డులో ముందు చక్రాలకి ‘పందెం సెట్టింగు’ చేయించాడు. ఆ షెడ్డు పేరు మనకెందుకు లెండి.

నేను వెళ్ళిన వారం జోరుగా వానలు. మా అక్కయ్యను, అంటే వాడి తల్లిని, ఆ కారులో బెజవాడ తీసుకువెళ్ళాలని వాడి ముచ్చట. సుమారు 270 కిలోమీటర్లు. స్టీరింగు కాస్త ఎడమకి లాగుతున్నదని, బయలుదేరే ముందు చూపిద్దామని ఒక మేస్త్రీ దగ్గరికి నన్ను వెంటబెట్టుకు పోయాడు.

“టైర్లు కొత్తవే మావయ్యా, నాలుగువేల కిలోమీటర్లు కూడా తిరగలేదు,” అన్నాడు దారిలో.

మేస్త్రీ యంత్రం జోలికి పోలేదు. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి తిప్పించి, చక్రం వెనక్కి చెయ్యి పోనిచ్చి, లోపలి అంచు తడిమి చూశాడు.

“గిటు రాండ్రి సార్. బయట పెండ్లికొడుకు లెక్కున్నది. లోపట తీగలు తేలినయ్.”

వంగి చూశాం. బయటికి కనిపించే గాళ్ళు చక్కగా లోతుగా వున్నాయి. లోపలి అంచున మాత్రం రెండు వేళ్ళ వెడల్పున రబ్బరు నున్నగా అరిగి, సన్నని ఉక్కు తీగలు మెరుస్తున్నాయి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి దిగితే టైరు మార్చాలని లెక్క. అక్కడ మార్చడానికి గాడే మిగల్లేదు. తడిసిన హైవేమీద, పక్క సీటులో తల్లి. మావాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఎవలు పెట్టిన్రు గీ సెట్టింగు? ట్రాకు మీదికైతె మంచిగనె ఉంటది. మీరు ఏడ నడుపుతరు?”

“ఆఫీసుకీ, ఇంటికీ. ఆదివారం ఔటర్ రింగు రోడ్డు మీద.”

మేస్త్రీ ఇంకేమీ అనలేదు. గుడ్డతో చెయ్యి తుడుచుకున్నాడు.

ఈ విద్యలో మూడు మాటలున్నాయి: కాస్టర్, కాంబర్, టో. కాస్టర్ సంగతి మాదాపూరు ఉద్యోగులకి నేను చెప్పనక్కర్లేదు. వాళ్ళు కూచునే కుర్చీ కిందే వుంది. కుర్చీని ముందుకు తోస్తే దాని చిన్న చక్రాలు వాటంతటవే వెనక్కి తిరిగి, బుద్ధిగా వెంట వస్తాయి. కారులో ముందు చక్రం తిరిగే ఇరుసును పైభాగం వెనక్కి వాలేట్టు అమర్చడం అందుకే. మలుపు తిరిగాక చెయ్యి వదులు చేస్తే స్టీరింగు తనంతట తాను తిన్నబడుతుంది.

కాంబర్ అంటే కారుకు ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రాల వాలు. వేగంగా మలుపు తిరిగేటప్పుడు కారు వెలుపలికి ఒరుగుతుంది గనక, టైరు అప్పుడు నేలమీద సమంగా ఆనాలని, పందెగాళ్ళు చక్రాల తలలు ముందే లోపలికి వాల్చి వుంచుతారు. మావాడికి పెట్టింది సుమారు 3 డిగ్రీలు. 245 మిల్లీమీటర్ల వెడల్పు టైరుకి ఆ వాలులో వెలుపలి అంచు లోపలి అంచుకన్న 13 మిల్లీమీటర్ల దాకా పైకి లేవాలి. రబ్బరు అణగడం వల్ల అంత తేడా కనిపించదు గాని, తిన్నని రోడ్డుమీద భారమంతా లోపలి అంచే మోస్తుంది. బ్రేకు వేసినప్పుడు నేలని పట్టేదీ ఆ కాస్తే.

అసలు దొంగ మూడోది. టో అంటే మన పాదాల వేళ్ళు లోపలికో బయటికో తిరిగి వుండటం లాంటిది. మావాడి ముందు చక్రాలు రెండూ కలిపి 3 మిల్లీమీటర్లు బయటికి తిరిగి వున్నాయి. దానివల్ల స్టీరింగు చురుకుగా పలుకుతుంది, నిజమే. కాని లెక్క వెయ్యండి: 640 మిల్లీమీటర్ల వ్యాసంగల చక్రం అలా వంకరగా దొర్లితే, కిలోమీటరుకి సుమారు 2.3 మీటర్లు పక్కకి ఈడ్చుకుపోయినట్టు. మాదాపూరు నుంచి శంషాబాదు విమానాశ్రయానికి వెళ్ళేసరికి డెబ్బై మీటర్లకు పైగా రోడ్డుమీద రబ్బరు రుద్దినట్టే! ఆ రాపిడి పడేది మళ్ళీ ఆ లోపలి అంచుమీదే. పందెం కారుకి ఇది బాధ కాదు. దాని టైర్ల ఆయుష్షు ఒకటి రెండు రోజులు.

ఆ కొలత టైర్లు తెప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. మా అక్కయ్య రైలెక్కి వెళ్ళిపోయింది. నిజం చెప్పాలంటే ఆవిడకు ప్రాణం కుదుటపడింది. ఆ కారులో దిగాలన్నా ఎక్కాలన్నా ఇద్దరి సాయం కావాలి.

ఐదో రోజున యంత్రం మీదికి ఎక్కించారు. ముందు గాలి సరిచూశారు. తరవాత మేనల్లుణ్ణి డ్రైవరు సీటులో కూచోమన్నారు. నడిపేవాడి బరువుకి కారు ఎంత కుంగుతుందో ఆ కుంగుబాటుతోనే కొలవాలట. ఇంత శ్రద్ధ చాలాచోట్ల లేదు. నాలుగు చక్రాలకీ పలకలు తగిలించి, కారును కాస్త వెనక్కీ ముందుకీ దొర్లిస్తే, ఎదుటి కెమేరాలు చూసి తెరమీద అంకెలు వేశాయి. కుడి కాంబర్ మైనస్ 3.2, ఎడమ మైనస్ 2.5. తలలు వాలడంలో తేడా వుంటే, తక్కువ వాలిన వైపుకి కారు లాగుతుంది. ఎడమకి ఎందుకు పోతున్నదో తేలింది.

ముందుగా వెనక చక్రాలు చూసి, తరవాత ముందువాటికి వచ్చాడు. వెనకవి లోపలికి 2 మిల్లీమీటర్లు వున్నాయి. బ్రేకు వేసినప్పుడు తోక ఆడకుండా వుంటుందని వాటిని కదపలేదు. ముందు కాంబర్ రెండు పక్కలా మైనస్ 1.2కి తెచ్చాడు. టో లోపలికి 1 మిల్లీమీటరు. ఇవి కారు కంపెనీ పుస్తకంలో ఇచ్చిన హద్దుల మధ్య అంకెలే. ఎడమ కాస్టర్ మాత్రం కుడికన్న పావు డిగ్రీ ఎక్కువ వుంచాడు. యెందుకని అడిగాను.

“వాన నీళ్ళు పోనీకి రోడ్డు ఎడమకు వాలుంటది సార్. గా వాలు మీద బండి జారకుంట.”

పరీక్షకి మేస్త్రీయే నడిపాడు. మైండ్‌స్పేస్ దగ్గర తిన్నని రోడ్డుమీద చేతులు వదిలితే కారు సూటిగానే పోయింది. ఇంకొంచెం ముందుకు వెళ్ళాక మళ్ళీ వెంట్రుకవాసి ఎడమకి ఒరిగింది. మేనల్లుడు నా వొళ్ళోంచి మెడ చాపి చూస్తున్నాడు. రెండే సీట్లు మరి!

“ఇంకా లాగుతోంది కదా?”

“గది రోడ్డు సార్, కారు గాదు. గింత ఉండనియ్యి. వెయ్యి కిలోమీటర్లు అయినంక లోపట చెయ్యి పెట్టి చూస్కో,” అని అతను బండి వెనక్కి తిప్పాడు.