ముగ్గురాయి మిల్లులో ఒక మధ్యాహ్నం

తిరుపతిలో బస్సెక్కితే మామండూరు అడవి దాటాక రైల్వే కోడూరు వస్తుంది. దారి పొడుగునా మామిడి, అరటి, బొప్పాయి తోటలు. ఇంకాస్త ముందుకెళ్తే ఆకులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. వాటి మీద సన్నటి బూడిద రంగు పొడి. బోర్డు చూడక్కర్లేదు, మంగంపేట వచ్చేసినట్టే.

ప్రపంచంలోని అతిపెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి ఇక్కడే ఉంది. ఇక్కడ అందరూ దాన్ని ముగ్గురాయి అంటారు. పేరు విని తెల్లగా ఉంటుందనుకున్నా. తీరా చూస్తే బూడిద రంగు రాయి! కొబ్బరికాయంత ముక్క ఎత్తితే చెయ్యి కిందికి లాగేసింది. నీళ్లకన్నా నాలుగు రెట్లకు పైగా బరువు మరి.

ఆ బరువుకే గిరాకీ. చమురు బావి తవ్వేటప్పుడు అడుగునున్న గ్యాస్ ఒక్కసారిగా ఎగదన్నకుండా, పైనుంచి బరువైన బురద పోసి అదిమిపెడతారు. ఆ బురదకి బరువు తెచ్చేది ఈ పొడే. మా వైపు వాళ్లు గల్ఫ్‌కి పనికి వెళ్లడం చిన్నప్పట్నుంచీ చూస్తున్నా గానీ, మా రాయి కూడా వెళ్తుందని నాకు ఈమధ్యే తెలిసింది.

మా చిన్న మామ ఇక్కడ ఓ పల్వరైజింగ్ మిల్లులో ఆపరేటర్. ముందుగా జా క్రషర్ దగ్గరికి తీసుకెళ్లాడు. రెండు ఇనుప దవడల మధ్య రాయి పటపటా పగిలి కంకరవుతుంది. ఆ కంకర బకెట్లలో పైకెక్కి రేమండ్ మిల్లులో పడుతుంది. లోపల ఏం జరుగుతుందో కంటికి కనపడదు. మామని అడిగా.

"తిరునాళ్లలో గొలుసుల రాట్నం ఎక్కినావా అల్లుడా? జోరందుకునే కొద్దీ కుర్చీలు బయటికి ఎగరవా? ఇదీ అంతే. కుర్చీల బదులు ఇనుప రోలర్లు."

వేలాడుతున్న రోలర్లు తిరిగే వేగానికి బయటికి విసురుకుని, చుట్టూ ఉన్న ఉక్కు రింగుకి ఆనుకుంటాయి. కింద నాగలి కర్రుల్లాంటివి కంకరని ఎగదోసి, రోలరుకీ రింగుకీ మధ్యకి పంపిస్తాయి. అక్కడ నలగాల్సిందే. మా అవ్వ తిరగలి కూడా ఇదే పని చేసేది, కాకపోతే జల్లెడ వేరేగా పట్టేది. ఇక్కడ గాలే జల్లెడ. బ్లోయరు గాలికి సన్నపొడి పైకి లేస్తుంది, పైన తిరిగే రెక్కలు బరకగా ఉన్నదాన్ని తన్ని మళ్లీ కిందికి పంపేస్తాయి. మెత్తనిది మాత్రం గరాటులాంటి సైక్లోన్‌లోకి పోయి సంచిలో పడుతుంది.

ఎంత మెత్తగా? 75 మైక్రాన్లు దాటిన రేణువులు నూటికి 3 పాళ్లకు మించకూడదు. అలాగని మరీ మైదాలా చేసినా కుదరదు, బావిలో బురద చిక్కబడి పంపు లాగదు. మామ చిటికెడు పొడి వేళ్ల మధ్య నలిపి, "ఇంగా బరక" అన్నాడు. ల్యాబ్ కుర్రాడు జల్లించి చూశాడు. నిజమే! రాయి తగ్గితే మిల్లు మోతే మారిపోతుందట. ఇనుము ఇనుముని కొట్టుకుంటే ఖంగుమంటుంది. ఆ తేడా ఆయనకి ఇంట్లో పడుకుని విన్నా తెలిసిపోతుందని అత్త అంటుంది.

ఇంత తెలిసిన మనిషి ముక్కుకి కట్టుకునేది మాత్రం ఓ పాత తువ్వాలు! సంచి నింపే దగ్గర కనురెప్పలు కూడా బూడిద రంగయ్యాయి. నాకు ఒళ్లు మండింది. ముగ్గురాయి పొడి ఒక్కటే అయితే ఊపిరితిత్తులకి పెద్ద ముప్పు లేదంటారు. రాయిలో కలిసి వచ్చే పలుగురాయి దుమ్ము అలా కాదు. లోపలికెళ్లి మచ్చలు పెడుతుంది, ఆ మచ్చలు మానవు. తువ్వాలు దాన్ని ఆపదు.

హైదరాబాద్ నుంచి మాస్కుల పెట్టె తెచ్చా. మామ ఒకటి పెట్టుకుని రెండు నిమిషాల్లో తీసేశాడు. "చెమటకి ఊపిరాడదురా. అయినా ఇరవై ఏండ్లయింది, ఏమైంది?" అన్నాడు. అని దగ్గాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సాయంత్రం ఇంటికొస్తే అత్త గడప బయటే ఆపేసింది. చొక్కా విప్పి దులపమంది. వాకిట్లో ముగ్గు తెల్లగా ఉంది, బియ్యప్పిండితో పెట్టిందట.

"సోమవారం తిరుపతికి తీస్కపో. ఎక్స్‌రే తీయించు, నా మాట వినడు" అంది మెల్లగా.

టికెట్ రెండు రోజులు ముందుకి జరుపుకున్నా. సోమవారం పొద్దున ఆరింటి బస్సుకి మామే ముందొచ్చి కూర్చున్నాడు, జేబులో మడిచిన మాస్కుతో.